నా ఫైలు నేనే చదువుకున్నాను

(శ్రీకాకుళంలోని ఒక గ్రంథాలయం హాల్లో, క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్నవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళ ముందు ఒక రిటైర్డ్ లెక్కల టీచరు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పాను కాబట్టి నా గొంతు ఆఖరి బెంచీదాకా వస్తుంది. కానీ మీ మొహాలు నాకు కనపడాలి.

ఇదిగో, ఇది నా ఫైలు. 2018 నుంచి నాతో ఉంది. అట్ట మూడుసార్లు మార్చాను, లోపలి కాగితాలు మాత్రం ఒక్కటి కూడా పోలేదు. దీని గురించే మాట్లాడమన్నారు నన్ను. మందుల గురించి చెప్పడానికి డాక్టర్లున్నారు. ధైర్యం చెప్పడానికి మీ ఇంట్లోవాళ్ళున్నారు. నేను కాగితాల గురించి మాత్రమే చెబుతాను.

మొదట్లో ఈ ఫైలు నా దగ్గర లేదు. విశాఖపట్నంలో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక మావారు దీన్ని బీరువాలో నా పట్టుచీరల కింద దాచారు. ఆ రోజుల్లో నేను పట్టుచీర జోలికి పోను కదా, అందుకని అక్కడ. అడిగితే, "గడ్డ తీసేశారు, అంతా బాగుంది, నువ్వు రెస్ట్ తీసుకో" అనేవారు. మా తమ్ముడు కూడా అదే మాట. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెబుతుంటే నాకు అనుమానం పెరిగేది. క్యాన్సర్ అన్న పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. మా అమ్మమ్మ కాలంలో రాచపుండు అనేవారు, మావాళ్ళు 'ఆ జబ్బు' అనేవారు.

ఆపరేషన్ అయిన పన్నెండో రోజు రాత్రి రెండు గంటలకు లేచాను. గాయంలోని నీరు దిగడానికి పెట్టిన డ్రెయిన్ పైపు ఇంకా తీయలేదు, ఆ సీసా ఎడమ పక్కన వేలాడుతోంది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చీరలు పైకెత్తి ఫైలు లాగాను. వంటింట్లోకి వెళ్ళి నేల మీద కూర్చుని ఫోన్ టార్చి వేసి చదివాను. ఇంగ్లీషు నాకు వచ్చు. వచ్చనుకున్నాను. రెండో పేజీలో 'గ్రేడ్ 3' అని కనపడింది. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. మూడంటే మూడో స్టేజ్. సినిమాల్లో మూడో స్టేజ్ అంటే ఏమవుతుందో మనందరం చూశాం. ఫైలు మళ్ళీ చీరల కింద పెట్టి పడుకున్నాను. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మా అమ్మాయి పెళ్ళికి కొన్న నగలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితం మీద రాసి దేవుడి గూట్లో పెట్టాను.

నాలుగో రోజు డ్రెయిన్ తీయించుకోవడానికి వెళ్ళాం. కట్టు విప్పుతున్న జూనియర్ డాక్టరమ్మాయి నా మొహం చూసి, "ఏంటమ్మా, నొప్పిగా ఉందా?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. "మూడో స్టేజ్ అని చూశానమ్మా" అన్నాను. మావారు నిర్ఘాంతపోయారు. ఆ అమ్మాయి ఫైలు తీసి, ఆ పేజీ చూసి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మా, ఇది స్టేజ్ కాదు, గ్రేడ్. కణాలు మైక్రోస్కోపులో ఎలా కనపడుతున్నాయో, ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పేది గ్రేడ్. ఒంట్లో ఎంతదూరం పాకిందో చెప్పేది స్టేజ్. మీది రెండో స్టేజ్" అంది.

అది విన్నాక నేను నా భాషలో చెప్పుకున్నాను. పిల్లాడు ఎంత అల్లరివాడన్నది గ్రేడ్. గోడ దూకి ఎంతదూరం పోయాడన్నది స్టేజ్. బాగా అల్లరివాడు కూడా ఒక్కోసారి స్కూలు గేటు దగ్గరే దొరుకుతాడు. గ్రేడ్ 3 అంటే మంచి మాటేం కాదు, దాన్నిబట్టే నాకు కీమో గట్టిగా ఇచ్చారు. కానీ నేను అనుకున్నది అది కాదు.

తిరుగు ప్రయాణంలో కారులో మావారు అన్నారు, "చూశావా, చదివితే భయపడతావనే దాచాను" అని. నేను రణస్థలం దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నాను, "నేను చదివి భయపడలేదండీ. దొంగతనంగా, ఒక్కదాన్నే, సగం చదివి భయపడ్డాను. ఆ రాత్రి మీరు పక్కన ఉండి, తెల్లారాక ఎవరినైనా అడుగుదాం అని ఉంటే మూడు రోజులు నేను నగలు లెక్కపెట్టుకునేదాన్ని కాదు." ఆయన్ని నేను తప్పుపట్టను. మన ఇళ్ళలో దాచడం కూడా ప్రేమే. కానీ ఆ రోజు నుంచి ఫైలు నా టేబుల్ మీద ఉంది. రిపోర్టు ఏదొచ్చినా ఇద్దరం కలిసి చదివేవాళ్ళం, చేతిలో పెన్సిల్ పెట్టుకుని. అర్థం కాని మాట కింద గీత. ఆ గీతల్లోంచి ముఖ్యమైనవి మూడు ఏరి డాక్టరు గారి దగ్గరికి పట్టుకెళ్ళేవాళ్ళం. మూడే ఎందుకంటే, ఓపీలో ఆయన గది బయట ఎంతమంది కూర్చుని ఉంటారో మీకూ తెలుసు.

నాకు అర్థమైనంతలో రిపోర్టు అంటే మనకు రాసింది కాదు. ఒక డాక్టరు ఇంకో డాక్టరుకు రాసిన ఉత్తరం. అందుకే అందులో మన భయానికి తగ్గ మాటలుండవు. పరీక్షలో 'నెగటివ్' అని వస్తే మనం మొహం వేలాడేస్తాం, చాలాసార్లు అదే మంచి కబురు. స్కాన్ రిపోర్టులో 'లివర్ అన్‌రిమార్కబుల్' అని ఉంటే ఒకాయన నన్ను ఫోన్ చేసి అడిగారు, "మేడమ్, మా ఆవిడ లివర్ పనికిరాదంటున్నారా?" అని. చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు, బాగుంది అని దానర్థం. ఆ మాట చెప్పగానే ఫోన్లో ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది.

నా ముక్క పరీక్ష రిపోర్టు ఒకసారి మీకు చదివి వినిపిస్తాను. మీది దీనిలా ఉండదు, రొమ్ముకి ఒకలా ఉంటుంది, నోటికి ఒకలా, గర్భసంచికి ఒకలా. కానీ కాగితం ఎలా చదవాలో తెలుస్తుంది. 'ట్యూమర్ సైజ్ 3.2 సెంటీమీటర్లు.' రెండు దాటి అయిదు లోపుంటే దాన్ని టీ2 అంటారు. 'లింఫ్ నోడ్స్ 2/14.' దీన్ని చూడగానే లెక్కల టీచరుగా నా చెయ్యి భిన్నాన్ని సూక్ష్మీకరించబోయింది, 1/7 అని. ఇక్కడ అలా కొట్టెయ్యకూడదు. చంకలోంచి 14 బిళ్ళలు, అంటే లింఫ్ గ్రంథులు, తీసి చూశారు, అందులో రెండింట్లో జబ్బుంది అని దాని అర్థం. కింద ఉన్న అంకె కూడా మనకు కావాలి, ఎన్ని వెతికి చూశారో అది చెబుతుంది. ఒకటి నుంచి మూడు బిళ్ళల్లో ఉంటే ఎన్1. మిగతా ఒంట్లో ఎక్కడా లేకపోతే ఎమ్0. ఈ టీ, ఎన్, ఎమ్ మూడూ కలిపి స్టేజ్ కడతారు. ముందు చిన్న 'పి' ఉంటే తీసిన ముక్కను చూసి రాసిందని, 'సి' ఉంటే చేత్తో చూసి, స్కాన్ చూసి రాసిందని, 'వై' ఉంటే ముందే కీమో ఇచ్చి ఆ తర్వాత చూశారని.

తర్వాత ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్. ఇక్కడ పాజిటివ్ అంటే ఈ గడ్డ ఆడ హార్మోన్ల మీద ఆధారపడి పెరుగుతోంది, కాబట్టి హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి అని. నేను ఏళ్ళ తరబడి వేసుకున్న లెట్రోజోల్ ఆ ఒక్క మాట వల్లే. గడ్డ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎంత ఉందో చెప్పే అంకె ఇంకోటి ఉంటుంది. సున్నా, ఒకటి వస్తే నెగటివ్, మూడు వస్తే పాజిటివ్. రెండు వస్తే తేలలేదని, ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి. రెండు వచ్చి ఆ పరీక్ష చేయించకుండా ఊరుకున్న కాగితం మీ ఫైల్లో ఉంటే, తర్వాతసారి వెళ్ళినప్పుడు అడగాల్సిన మూడు ప్రశ్నల్లో మొదటిది అదే.

అన్నిటికన్నా కింద, చివరి లైను: 'మార్జిన్స్ ఫ్రీ.' కోసిన అంచుల్లో జబ్బు లేదు, గడ్డ మొత్తం వచ్చేసింది అని. ఆ రాత్రి వంటింట్లో నేను ఆ లైనుదాకా వెళ్ళనేలేదు.

ఇదంతా చదువుకున్నవాళ్ళ వ్యవహారం, మావల్ల ఎక్కడవుతుంది అని మీలో కొందరు అనుకుంటున్నారు. మీ మొహాల్లో కనపడుతోంది. ఒక్క మాట అడుగుతాను. మన ఉద్దానం వెళ్ళండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఏ కొబ్బరి తోటలో పనిచేసే మనిషినైనా అడగండి. సంతకం పెట్టడం రాని మనిషి కూడా, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష అంకె, తన క్రియాటినిన్ ఎంతో చెబుతాడు. పోయిన నెల ఎంత ఉందో, ఇప్పుడు ఎంతకు పెరిగిందో, అది ఎంత దాటితే డయాలిసిస్ మాట ఎత్తుతారో చెబుతాడు. ఇంగ్లీషు బడి చదువు వాళ్ళకెవరూ చెప్పలేదు. కిడ్నీ జబ్బు ఇంటింటికీ వచ్చింది కాబట్టి ఆ అంకెను నేర్చుకున్నారు. అంత కష్టంలో వాళ్ళు నేర్చుకున్నది మనమూ నేర్చుకోగలం.

మాకు వరసకు పిన్ని ఒకావిడ ఉంది, కవిటి దగ్గర పల్లె. ఆవిడకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడానికి విశాఖ వెళ్ళి వచ్చేది. కాగితాలన్నీ ఎరువుల కవరులో చుట్టి, తాడు కట్టి తెచ్చేది. కొడుకులు ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఒకరోజు నా దగ్గరకొచ్చి ఆ కవరు నా ముందు పెట్టి అంది, "అమ్మీ, నాకు సదువు రాదు గానీ, నా ఒంట్లో ఏటుందో నాకు తెలవద్దేటి? ఆలు డాక్టరుతో ఇంగిలీసులో మాటాడుకుంతారు, నాను గోడకేసి సూస్తాను." ఆవిడ మనవరాలు ఇంటర్ చదువుతోంది. ఆ పిల్లను పిలిపించి ముగ్గురం కూర్చున్నాం. పిల్ల చదివింది, నేను తెలుగులో చెప్పాను, పిన్ని వింది. అన్నీ అయ్యాక పిన్ని అడిగింది, "అయితే ఎన్ని కరెంట్లు పెట్టాల? ఎన్ని అయినాయి?" అని. కాగితంలో 25 అని ఉంది, పదకొండయ్యాయి. వెళ్ళేటప్పుడు మనవరాలి చేత గోడ మీద బొగ్గుతో పదకొండు గీతలు గీయిస్తానని చెప్పి వెళ్ళింది. గీయించింది కూడా. నేను వెళ్ళి చూశాను, వాకిట్లో పొయ్యి పక్క గోడ మీద 25 గీతలు, అయిదేసి కట్టలుగా.

ఇప్పుడు కీమో సంగతి. ఇక్కడ కాస్త లెక్క చెబుతాను, ఓపిక పట్టండి.

కీమో మందు అందరికీ ఒకే మోతాదు ఇవ్వరు. ఎక్కువ మందుల్లో మన ఒంటి వైశాల్యాన్నిబట్టి ఇస్తారు, దాన్ని బీఎస్ఏ అని రాస్తారు. ఎత్తును బరువుతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయాలి. నా ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కేజీలు. గుణిస్తే 8100. 3600తో భాగిస్తే 2.25. వర్గమూలం 1.5. నాకిచ్చిన ఎర్ర మందు, డాక్సోరూబిసిన్, చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాములు. అంటే నాకు 90. ఈ లెక్క మొదటి కీమో రోజున బెడ్డు మీద పడుకుని చేసుకున్నాను. ఎందుకు చేశానంటే, చేతికి సూది పెట్టిన మనిషికి చేయడానికి ఇంకే పనీ లేదు. చేశాక నాకు చాలా తేలికగా అనిపించింది. మందు ఎక్కడినుంచో వచ్చి నా మీద పడటం లేదు, నా ఎత్తూ నా బరువూ కొలిచి నా కోసం కలుపుతున్నారు.

మూడో కీమో రోజు. డే కేర్ వార్డులో బెడ్డు చివర అట్టకు క్లిప్పు పెట్టి షీటు వేలాడదీశారు. అలవాటుగా చూశాను. ఎత్తు 150, బరువు 64, బీఎస్ఏ 1.63, మందు 98. నా బరువు ఎప్పుడూ 64 లేదు. ఎవరో 5 బదులు 6 రాశారు, దాన్నిబట్టి మిగతా అంకెలన్నీ పద్ధతిగా తప్పాయి. సిస్టర్ వచ్చి సెలైన్ మారుస్తోంది. "సిస్టర్, నా బరువు ఇంకోసారి చూస్తారా? ఇక్కడ 64 అని ఉంది" అన్నాను. గొంతు వణికింది, నిజమే చెబుతున్నాను. ఏమనుకుంటుందో, వీళ్ళ పని వీళ్ళకు నేర్పుతానంటోంది అనుకుంటుందేమో అని. ఆవిడ షీటు చూసింది, నన్ను చూసింది. వెంటనే సెలైన్ స్టాండుతో సహా నన్ను లేపి మిషన్ మీద నిలబెట్టింది. 53.8. మందు ఇంకా ఎక్కించలేదు. ఫోన్ చేసింది, డాక్టరు వచ్చారు, షీటు కొట్టేసి కొత్తది రాసి కింద సంతకం పెట్టారు. 90 అయింది. సిస్టర్ నా దగ్గరకొచ్చి, "మంచి పని చేశారమ్మా" అని నా భుజం మీద చెయ్యి వేసింది.

దీన్ని ఆస్పత్రి మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు. రోజుకు అన్ని షీట్లు రాసే చేతికి ఒక అంకె జారుతుంది. నేను ముప్పై ఏళ్ళు మార్కుల జాబితాలు రాశాను, నాకు తెలుసు. ఆ షీటులో నా బరువు ఎంతో కచ్చితంగా తెలిసిన మనిషి ఆ వార్డులో నేనే. అమెరికాలో ఇలాంటివి పెద్ద ఎత్తున చూశారు. అక్కడ 2010లో మూడు చోట్ల 105 మంది మామూలు డాక్టర్లు తాము రాసుకునే నోట్సును పేషెంట్లకే చూపిస్తూ ఏడాది గడిపి చూశారు. పేషెంట్లు భయపడతారు, ప్రశ్నలతో ప్రాణం తీస్తారు అని ముందు చాలా అనుకున్నారు. ఏడాది చివర చదివిన పేషెంట్లలో 99 శాతం ఇది కొనసాగాలన్నారు. డాక్టర్లలో ఒక్కరు కూడా మానేస్తామనలేదు. 2020లో అచ్చయిన ఇంకో పరిశీలనలో, తమ నోట్సు చదివిన 22 వేలమందికి పైగా మనుషుల్ని అడిగితే అయిదుగురిలో ఒకరు అందులో తప్పు కనపడిందన్నారు. అలా అన్నవాళ్ళలో దాదాపు నూటికి నలభైమంది అది చిన్న తప్పు కాదన్నారు.

నా ఫైల్లోనూ ఇంకొకటి దొరికింది. ఒక డిశ్చార్జ్ సమ్మరీలో ఎడమ రొమ్ము అని ఉండాల్సిన చోట కుడి అని పడింది. నెల తర్వాత చూశాను. దరఖాస్తు రాసిచ్చి సరిచేయించుకున్నాను. ఇది ఎందుకు ముఖ్యమంటే, చంకలో బిళ్ళలు తీసేసిన వైపు చేతికి సూదులూ బీపీ పట్టీ వీలైనంతవరకు వద్దంటారు, చెయ్యి వాచే ప్రమాదం ఉంది కాబట్టి. కాగితం కుడి అంటే, కొత్త చోట సిస్టర్ పాపం కాగితాన్ని నమ్మి ఎడమ చేతికే పట్టీ కడుతుంది.

కొత్త చోట అన్నాను కదా. మన జిల్లావాళ్ళకు అసలు కష్టం అక్కడే. మన వైద్యం విశాఖలో, మన ఒళ్ళు ఇక్కడ. మధ్యలో నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఇచ్ఛాపురం వాళ్ళకైతే ఇంకో అంత దూరం. కీమో ఇచ్చేది అక్కడ, జ్వరం వచ్చేది ఇంటి దగ్గర, అదీ అర్ధరాత్రి.

రెండో కీమో అయిన తొమ్మిదో రోజు రాత్రి పదకొండున్నరకు నాకు 101 జ్వరం వచ్చింది. కీమో అయ్యాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల కణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు, డోలో వేసుకుని పడుకోకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. విశాఖ వెళ్ళే టైము లేదు, ఇక్కడే దగ్గరలో ఉన్న ఆస్పత్రికి వెళ్ళాం. డ్యూటీలో కుర్రాడు, మా పెద్దబ్బాయి వయసు. నన్నెప్పుడూ చూడలేదు. ఆ సమయంలో అతనికి ఇంత లావు ఫైలు ఇస్తే ఏం చూస్తాడు? అందుకే ఫైలు మొదటి పేజీగా నేను ఒక కాగితం రాసి పెట్టుకున్నాను. నాకున్న జబ్బు, దాని స్టేజ్, జరిగిన ఆపరేషన్, తేదీ. ఏ కీమో మందులు, ఎన్నోది, ఆఖరిది ఏ రోజు. షుగరు లేదు, బీపీ ఉంది, వేసుకునే బిళ్ళ. సల్ఫా మందు పడదు. ఎడమ చెయ్యి వద్దు. నాకు వైద్యం చేసే డాక్టరు ఫోన్. ఇంకేమీ లేదు. ఆ కుర్రాడు నిలబడే చదివాడు. 'తొమ్మిదో రోజు' అన్న మాట దగ్గర తలెత్తి సిస్టర్‌తో, "రక్తం తీయండి, కౌంట్ చూడాలి, యాంటీబయాటిక్ సిద్ధం చేయండి" అన్నాడు. కుడి చేతికి సూది పెట్టారు. విశాఖ డాక్టరుకు అక్కడినుంచే ఫోన్ చేశాడు. తెల్లారేసరికి జ్వరం తగ్గుముఖం పట్టింది. తెల్ల కణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ అయిదు వందలకన్నా తక్కువ ఉన్నాయని తర్వాత నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆ నోట్‌బుక్ ఇది. లాంగ్ సైజు, పిల్లలకు కొన్నదే. ప్రతి రక్త పరీక్షకూ తేదీ, హిమోగ్లోబిన్, తెల్ల కణాలు, న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్. పక్కన గ్రాఫు. చూడండి, ప్రతి కీమో తర్వాత పడింది, 21వ రోజుకు మళ్ళీ లేచింది. మొదటిసారి పడినప్పుడు నాకు చాలా టెన్షన్. మూడోసారికి గ్రాఫు చూసి, ఇది పడే వారం, వచ్చే వారం లేస్తుంది అని మావారికి నేనే చెప్పాను.

అందరూ చదవాలని నేననను. నాతోపాటు వైద్యం చేయించుకున్న ఒకావిడ, చదువుకున్న మనిషే, "నాకేమీ చెప్పొద్దు టీచర్ గారూ, మా అబ్బాయికి చెప్పండి, నేను మందు వేసుకుంటాను" అనేది. అది ఆవిడ ఇష్టం. దాన్ని గౌరవించాలి. నేను ఇంటివాళ్ళను కోరేది ఒక్కటే, ఆ మాట పేషెంటు నోటినుంచి రావాలి. "నీకు తెలుసుకోవాలని ఉందా, లేక మమ్మల్ని చూసుకోమంటావా?" అని ఒకసారి అడగండి. అడగకుండా మీరే తేల్చేయకండి. ఇవాళ వద్దన్న మనిషి రెండు నెలల తర్వాత కావాలనొచ్చు, అప్పుడూ అడగండి.

ఇంటర్నెట్ గురించి కూడా ఒక మాట. మాట అర్థం వెతకండి, పర్లేదు. 'ఎన్నేళ్ళు బతుకుతారు' అని మాత్రం వెతకొద్దు. అక్కడ కనపడే శాతాలు ఎన్నో ఏళ్ళ క్రితం వైద్యం చేయించుకున్నవాళ్ళవి, ఎక్కువగా వేరే దేశాలవి. అందులో మీరు లేరు. స్కాన్ సెంటర్ వాడు కవరు చేతికివ్వగానే బస్‌స్టాండులో చింపడం కూడా నేను మానుకున్నాను. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నాలుగు ముద్దలు తిని, మావారు పక్కనుండగా తీస్తాను.

కాగితాలు అడగడానికి మొహమాటపడేవాళ్ళ కోసం ఇది. వైద్యులకు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన 2002 నాటి నియమావళిలోనే ఉంది: పేషెంటు గానీ అతని తరఫు మనిషి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు రాసి, రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఆరోగ్యశ్రీలో, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఉచితంగా చేయించుకున్నా ఆ హక్కు ఏమీ తగ్గదు. ఇంకో డాక్టరుకు చూపించుకోవాలంటే ముక్క పరీక్ష స్లైడ్లు, ఆ ముక్కను దాచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్ళొచ్చు. వాటిని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేయండి.

అదే నియమావళిలో ఇంకో మాట ఉంది. చేర్చుకుని వైద్యం చేసిన రికార్డులు ఆస్పత్రి మూడేళ్ళు దాస్తే చాలు. మూడేళ్ళు! నాకిచ్చిన ఎర్ర మందు ఎక్కువైతే గుండెను దెబ్బతీయొచ్చు. జన్మ మొత్తానికి ఇంతకన్నా మించకూడదని దానికో హద్దుంది, చదరపు మీటరుకు సుమారు 450 నుంచి 550 మిల్లీగ్రాములు. నాకు నాలుగుసార్లు 60 చొప్పున 240 అయింది. ఇరవై ఏళ్ళ తర్వాత నాకు మళ్ళీ ఏదైనా వస్తే, ఎంత వాడేశారు, ఇంకా ఎంత వాడొచ్చు అని అప్పటి డాక్టరు అడుగుతారు. ఆ జవాబు ఈ ఫైల్లో ఉంటేనే ఉంటుంది. అందుకని అబ్బాయిలూ, అమ్మ బాగైపోయింది కదా అని పాత కాగితాలు కట్టగట్టి తూకానికి వెయ్యకండి. కాగితం విలువ తెలిసిన ఊరు మనది. కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో ఇక్కడే కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టి, తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలని పాత పత్రికలన్నీ వెతికి తెప్పించారు. ఆయనా టీచరే. మన ఒంటి కథకు ఇంట్లో ఒక అర కేటాయించలేమా?

దాచడంలో ఒక జాగ్రత్త. ఈసీజీ కాగితం, అల్ట్రాసౌండ్ బొమ్మల కాగితం వేడితో అచ్చయ్యేవి. కొన్నాళ్ళకు వెలిసిపోతాయి. తెచ్చిన రోజే జిరాక్స్ తీయించండి. మావారు నా ఈసీజీ పాడవకూడదని ప్రేమగా లామినేషన్ చేయించారు. మిషన్ వేడికి కాగితమంతా నల్లగా మాడిపోయి వచ్చింది. ఇదిగో, ఇది కూడా ఫైల్లోనే ఉంచాను, చూడండి. దీని మీద ఇప్పుడు నా గుండె గీతలు ఒక్కటి కూడా కనపడవు. ఫోన్లో ఆభా నంబరు, అంటే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు, 14 అంకెలది, చేయించుకోండి, మంచిదే. ఫోటోలు తీసి పిల్లల ఫోన్లలో కూడా పెట్టండి. కానీ అట్ట ఫైలు మానొద్దు. రాత్రి పదకొండున్నరకు ఫోన్లో చార్జింగ్ ఉండదు.

వచ్చే నెల మళ్ళీ చెకప్‌కి వెళుతున్నాను. ఇవాళ పొద్దున్నే మొదటి పేజీ తిరగరాశాను, వయసు మారింది, బీపీ బిళ్ళ మారింది. ఆ పేజీ జిరాక్సులు ఇరవై తెచ్చాను, పేర్లూ అంకెలూ తీసేసి గళ్ళు మాత్రం ఉంచాను. అక్కడ తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. మీ ఫైళ్ళు తెచ్చుకున్నవాళ్ళు ఉండండి, కూర్చుని నింపుదాం. క్యాన్సర్ వార్డులో చాలా ఏళ్ళు పనిచేసిన సిస్టర్ గారు నాతో వచ్చారు, మాటలకు అర్థాలు ఆవిడ చెబుతారు. పెన్సిళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. పెద్దాయనా, మీరు ఎరువుల కవరుతో వచ్చారు, మీదే ముందు చూద్దాం, రండి.